ఫోన్‌కి ఇంటి వైఫై ఎక్కట్లేదా? రౌటర్ రీసెట్ చేసే ముందు ఇవి చూడండి

"వైఫై రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: రావట్లేదంటే ఏం రావట్లేదు? లిస్టులో పేరే కనబడట్లేదా, పేరు కనబడి పాస్‌వర్డ్ దగ్గర తిరగ్గొడుతోందా, పాస్‌వర్డ్ తీసుకుని ఐపీ అడ్రస్ దగ్గర గిరగిరా తిరుగుతోందా, లేక కనెక్టెడ్ అని చూపిస్తూనే ఒక్క పేజీ కూడా తెరుచుకోవట్లేదా? ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. చాలామంది ఇదేమీ చూసుకోకుండా రౌటర్ వెనకున్న చిన్న కన్నంలో పిన్ను గుచ్చేస్తారు, అసలు ఏడుపు అక్కడ మొదలవుతుంది. ఆ ఏడుపు నేనూ ఏడ్చాను, కింద చెప్తా.

ముందు తప్పు ఎవరిదో తేల్చండి

ఇంకో ఫోనో ల్యాప్‌టాపో అదే వైఫైకి కలిపి చూడండి. అది బాగా నడుస్తుంటే గొడవ దాదాపుగా మీ ఫోన్‌లోనే ఉంది, లేదా మీ ఫోన్‌కీ రౌటర్‌కీ ఎక్కడో పొసగట్లేదు. ఏదీ నడవకపోతే ఫోన్‌ని తిట్టి లాభం లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు మాత్రం రెండు ఫోన్లలోనూ మొబైల్ డేటా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, వైఫైలో నెట్ లేకపోయినా ఫోన్ చడీచప్పుడు లేకుండా సిమ్ డేటా మీద పేజీలు తెరిచేస్తుంది, మీరేమో "దీంట్లో బాగానే వస్తోందే" అనుకుని తప్పుదారి పడతారు.

తర్వాత దీన్నే తిరగేసి చేయండి. మీ ఫోన్‌ని ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. కలిసిందంటే ఫోన్‌లోని వైఫై చిప్పూ యాంటెన్నా బతికే ఉన్నాయి, రిపేర్ షాపుకి పరిగెత్తక్కర్లేదు.

ఇంక రౌటర్ లైట్లు. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద పీఓఎన్, ఎల్ఓఎస్ అని రెండు లైట్లు ఉంటాయి. పీఓఎన్ నిలకడగా వెలగాలి. ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతున్నా మిణుకుతున్నా ఫైబర్‌లో రావాల్సిన కాంతి పెట్టె దాకా రావట్లేదన్నమాట. ఆ సన్నటి తీగ ఎక్కడో మడతపడి ఉండొచ్చు, కనెక్టర్ వదులై ఉండొచ్చు, బయట తెగి ఉండొచ్చు. అప్పుడు మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఎంత తిరిగినా ఒరిగేది ఏమీ లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకి కాల్ చేయండి, ఈ లోపు తీగని లాగి చూడటం లాంటివి చేయకండి.

ఆపి మళ్లీ వేయడం

అందరూ చెప్పే మాటే, కానీ అందరూ సరిగ్గా చేయరు. ఫోన్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి పది సెకన్లు ఆగి తీసేయండి. అప్పటికీ లాభం లేకపోతే ఫోన్ రీస్టార్ట్ చేయండి. రౌటర్‌ని మాత్రం స్విచ్ దగ్గర ఆపి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆ తర్వాత ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. లైట్లు వెలిగిన మరుక్షణం ఫోన్‌లో చూసి "ఇంకా రాలేదు" అని మళ్లీ ఆపేసేవాళ్లని చాలామందిని చూశాను. ఫైబర్ పెట్టె వేరు, వైఫై రౌటర్ వేరు అయితే ముందు ఫైబర్ పెట్టె వేసి, దాని లైట్లు కుదుటపడ్డాక రౌటర్ వేయండి.

దీంతో సరిపోయిందా, మంచిది. కానీ మూడు రోజులకోసారి ఇదే చేయాల్సి వస్తుంటే అది బాగైనట్టు కాదు, కింద చదవండి.

లిస్టులో పేరే కనబడకపోతే

ఇంట్లో రౌటర్లు మామూలుగా రెండు బ్యాండ్ల మీద ప్రసారం చేస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. కొత్తవి 6 కూడా ఇస్తున్నాయి. 2.4 నిదానం, కానీ గోడలు దాటి దూరం వెళ్తుంది. 5 వేగం, కానీ రెండు గోడలు అడ్డమొస్తే నీరసపడిపోతుంది. మీ ఫోన్‌లో 5 లేకపోతే 5 పేరు మీకు ఎప్పటికీ కనబడదు. 6 అయితే మరీ, దానికి వైఫై 6ఈ లేదా ఆపై తరం ఫోన్ ఉండాలి. రౌటర్ పేజీలో (వైఫై కలిసిన ఇంకో ఫోన్ బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 లాంటి రౌటర్ నంబరు కొడితే తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) 2.4 ఆపేసి ఉందేమో చూడండి, పాత ఫోన్లకి అదే దిక్కు.

పక్క ఫోన్‌కి కనబడుతూ మీ ఫోన్‌కి మాత్రం కనబడకపోతే ఛానెల్ నంబర్ మీద అనుమానపడండి. ఒక్కో బ్యాండ్‌ని ముక్కలు చేసి నంబర్లు ఇస్తారు, అవే ఛానెళ్లు. 2.4లో 12, 13 ఛానెళ్లని కొన్ని దేశాల్లో వాడరు, అక్కడి కోసం తయారైన ఫోన్లు ఆ ఛానెళ్ల వైపు చూడనే చూడవు. రౌటర్ ఆటో మోడ్‌లో ఉండి ఒక రాత్రి తనంతట తను 13కి వెళ్లిపోయిందనుకోండి, తెల్లారేసరికి ఆ ఫోన్ లిస్టులోంచి మీ వైఫై మాయం. 5లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. 52 నుంచి పైన ఉన్న కొన్ని ఛానెళ్లని రాడార్లతో పంచుకోవాలి, అందుకని రౌటర్ ఆ ఛానెల్ ఎక్కే ముందు కనీసం ఒక నిమిషం విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే ప్రసారం మొదలుపెడుతుంది. వాడుతుండగా రాడార్ వినబడితే ఉన్నపళంగా ఛానెల్ మార్చేస్తుంది. "రీస్టార్ట్ చేశాక 2.4 వచ్చేసింది, 5 మాత్రం రాలేదు" అనేవాళ్ల సంగతి చాలాసార్లు ఇదే. ఈ తలనొప్పి వద్దనుకుంటే 2.4ని 1, 6, 11లో ఒకదానికి, 5ని 36, 40, 44, 48లో ఒకదానికి కట్టేయండి.

రౌటర్‌లో పేరు దాచిపెట్టే ఆప్షన్ ఆన్ అయి ఉంటే కూడా పేరు కనబడదు. దాన్ని తీసేయమనే నా సలహా. దాచినంత మాత్రాన భద్రత పెరగదు, కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా పేరు అక్షరం అక్షరం కొట్టుకోవడం తప్ప.

పాస్‌వర్డ్ దగ్గర తిరగ్గొడితే

"పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా" అని ఒట్టు పెట్టి చెప్పేవాళ్లలో సగం మంది తప్పే కొడుతుంటారు, నాతో సహా. పాస్‌వర్డ్ గడిలో కన్ను బొమ్మ నొక్కి, కొట్టింది కళ్లతో చూసుకుంటూ కొట్టండి. మొదటి అక్షరాన్ని కీబోర్డ్ తనే పెద్దది చేసేసిందేమో చూడండి. సున్నాకి ఇంగ్లిష్ ఓ అక్షరానికి, ఒకటికి చిన్న ఎల్‌కి తేడా రౌటర్ కింది స్టిక్కర్ మీద భూతద్దం పెట్టినా తెలియదు. ఎవరో మెసేజ్‌లో పంపిన పాస్‌వర్డ్‌ని కాపీ చేసి అతికిస్తే చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి అంటుకొస్తుంది, దాన్ని వెనక్కి చెరిపి చూడండి. ఇంకో సంగతి, స్టిక్కర్ మీద చాలాసార్లు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫైది, రెండోది రౌటర్ సెట్టింగ్స్ పేజీది. రెండోది ఫోన్‌లో కొడితే ఎన్ని జన్మలకీ కలవదు. వైఫైది కనీసం 8 అక్షరాలు ఉంటుంది, అంతకంటే చిన్నది మీ చేతిలో ఉందంటే అది వైఫై పాస్‌వర్డ్ కాదు.

కొట్టే గొడవే వద్దనుకుంటే, వైఫై నడుస్తున్న ఇంకో ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ పక్కనున్న షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది (ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది), దాన్ని మీ ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే చాలు.

పాస్‌వర్డ్ ఈ మధ్య మార్చి ఉంటే ఫోన్ ఇంకా పాతదే పట్టుకుని వేలాడుతుండొచ్చు. వైఫై లిస్టులో ఆ పేరు మీద నొక్కి "ఫర్గెట్" చేసి కొత్తగా కలపండి.

ఇదంతా సరిగ్గా ఉండీ కలవట్లేదంటే సెక్యూరిటీ రకం చూడాలి. డబ్ల్యూపీఏ3 అనేది 2018లో వచ్చింది, దానికంటే పాత ఫోన్లలో చాలావాటికి అది అర్థం కాదు. రౌటర్‌ని డబ్ల్యూపీఏ3 ఒక్కదాని మీదే పెడితే పాత ఫోన్‌కి సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తిరగ్గొడుతుంది, పైగా కారణం చెప్పదు. రౌటర్ పేజీలో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ పెట్టండి. దాంతో కూడా మొండికేసే ఫోన్లు ఉంటాయి, వాటి కోసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెడితే సరిపోతుంది. వెనక్కి డబ్ల్యూఈపీ దాకా మాత్రం పోకండి, దాన్ని విరగ్గొట్టడం ఎప్పుడో పిల్లలాట అయిపోయింది.

మ్యాక్ ఫిల్టర్, నా రీసెట్ కథ

ప్రతి ఫోన్‌కీ నెట్‌వర్క్‌లో ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు, 12 అంకెలూ అక్షరాలూ రెండేసి చొప్పున విడగొట్టి రాస్తారు. ఇదివరకు అది ఫోన్‌కి పుట్టుమచ్చ లాంటిది, మారేది కాదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి, బయట తిరిగేటప్పుడు ఎవరూ వెంటాడకుండా. మంచిదే. కానీ రౌటర్‌లో "ఈ మ్యాక్‌లని మాత్రమే రానివ్వు" అని ఫిల్టర్ పెట్టుకున్న ఇంట్లో ఇది పెద్ద చిక్కు.

నేనెప్పుడో ఆ ఫిల్టర్ పెట్టి మర్చిపోయాను. ఒక రోజు ఫోన్‌లో నెట్ నిదానంగా ఉందని, ఎక్కడో చదివిన చిట్కా ప్రకారం ఫర్గెట్ కొట్టి మళ్లీ కలపబోయాను. కలవలేదు. ఆ నెట్‌వర్క్ పాత రోజుల్లో సేవ్ చేసింది కాబట్టి అప్పటిదాకా అసలు మ్యాక్‌తోనే నడిచింది, కొత్తగా కలిపేసరికి ఫోన్ మారువేషంలో వెళ్లింది, రౌటర్ "ఎవరు నువ్వు" అంది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు తెలిసిందల్లా పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, ఫోన్ కలవట్లేదు అని. పదకొండింటికి పిన్ను తీసుకుని రౌటర్ రీసెట్ చేశాను. ఫిల్టర్ చెరిగిపోయింది, ఫోన్ టక్కున కలిసింది. ఇంట్లో ఇంటర్నెట్ మాత్రం పోయింది. రౌటర్‌లో ఉండాల్సిన కనెక్షన్ యూజర్‌నేమూ పాస్‌వర్డూ కూడా రీసెట్‌తో చెరిగిపోయాయి, అవి నా దగ్గర ఎక్కడా రాసి లేవు. వాటి కోసం రెండు రోజులు ఫోన్లు చేయాల్సి వచ్చింది.

మీ ఫోన్‌లో సరిచూసుకోవడం తేలిక. వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో మ్యాక్ అడ్రస్ చూడండి. ఎడమ నుంచి రెండో గుర్తు 2, 6, ఏ, ఈ (ఆఖరి రెండూ ఇంగ్లిష్ అక్షరాలే) వీటిలో ఏదైనా అయితే అది ఫోన్ కల్పించుకున్న దొంగ మ్యాక్. ఆ పేజీలోనే ప్రైవసీ అనో ప్రైవేట్ వైఫై అడ్రస్ అనో ఉంటుంది, ఇంటి వైఫై ఒక్కదానికి దాన్ని ఆపి ఫోన్ అసలు మ్యాక్ వాడమనండి. లేదంటే రౌటర్‌లో ఆ ఫిల్టరే తీసేయండి, నేను తీసేశాను.

ఐపీ అడ్రస్ దగ్గర ఆగిపోతే

ఫోన్ కలవగానే రౌటర్ దానికి ఒక చిరునామా ఇస్తుంది, 192.168.1.104 లాంటిది. కొన్ని ఫోన్లలో 169.254తో మొదలయ్యే నంబరు కనబడుతుంది. దానర్థం రౌటర్ ఏమీ ఇవ్వలేదు, విసుగొచ్చి ఫోనే ఒకటి కల్పించుకుంది అని.

ఎందుకు ఇవ్వదు? ఒకటి, ఇవ్వడానికి అయిపోయి ఉండొచ్చు. రౌటర్ దగ్గర చిరునామాలు ఒక లెక్క ప్రకారమే ఉంటాయి, ఎవరో ఆ లెక్కని 10కో 15కో తగ్గించి ఉంటే టీవీ, కెమెరాలు, బల్బులు, వచ్చిన చుట్టాల ఫోన్లు కలిసి వాటిని తినేస్తాయి. పైగా ఒకసారి ఇచ్చిన చిరునామాని రౌటర్ కొన్ని గంటలో ఒక రోజో ఆ పేరు మీదే అట్టిపెడుతుంది, చుట్టాలు వెళ్లిపోయినా. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు) అనే చోట మొదలు, చివర నంబర్లు ఉంటాయి, 100 నుంచి 200 దాకా పెంచేయండి. రెండోది, మీ ఫోన్‌లోనే ఐపీ సెట్టింగ్ "స్టాటిక్" (చేత్తో రాసిపెట్టిన మారని చిరునామా) అని ఉండిపోయిందేమో చూసి డీహెచ్‌సీపీకి మార్చండి. మూడోది, ఇంట్లో రెండు రౌటర్లు ఒకదానికొకటి కలిపి రెండూ చిరునామాలు పంచుతుంటే, కొన్నిసార్లు తప్పు రౌటర్ చిరునామా దొరుకుతుంది. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అప్పుడది చిరునామాలు పంచడం మానేసి వైఫై మాత్రమే ఇస్తుంది.

కనెక్టెడ్ అంటుంది, నెట్ మాత్రం లేదు

ఇక్కడ రెండు చిన్న పరీక్షలు చేస్తే సగం పని అయిపోతుంది. మొబైల్ డేటా ఆపే ఉంచండి. వైఫై వివరాల్లో గేట్‌వే లేదా రౌటర్ అని ఒక నంబరు ఉంటుంది, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టండి. రౌటర్ పేజీ తెరుచుకుంటే ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య అంతా బాగుంది, చిక్కు ఆ తర్వాత ఉంది. ఇప్పుడు 1.1.1.1 అని కొట్టండి. అది తెరుచుకుని మిగతా సైట్లు తెరుచుకోకపోతే, నెట్ వస్తోంది, పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచేయట్లేదు.

డీఎన్ఎస్‌కి వైద్యం: ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంటుంది, ప్రకటనలు ఆపడానికి ఎప్పుడో అందులో ఏదో పేరు రాసి ఉంటారు, ఆ సర్వర్ అందకపోతే మొత్తం ఆగిపోతుంది. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి. వీపీఎన్, యాడ్ బ్లాకర్ యాప్‌లు ఉంటే కాసేపు ఆపి చూడండి. అప్పటికీ పేర్లు తెరుచుకోకపోతే రౌటర్‌లోనే డీఎన్ఎస్‌గా 8.8.8.8, 1.1.1.1 ఇవ్వండి, ఇంట్లో అందరికీ ఒకేసారి తీరిపోతుంది.

తేదీ, టైమ్ కూడా చూడండి, నవ్వకండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి కొన్నాళ్లు డ్రాయర్‌లో పడున్న ఫోన్ లేచేసరికి పాత సంవత్సరంలో ఉండొచ్చు. అప్పుడు ఏ సైట్ సర్టిఫికెట్ (అది అసలైన సైటేనని చెప్పే, తేదీలున్న పత్రం) చూసినా "ఇది ఇంకా మొదలే కాలేదు కదా" అని నమ్మడం మానేస్తుంది, మనకి నెట్ లేనట్టే కనబడుతుంది.

1.1.1.1 కూడా తెరుచుకోక, ఇంట్లో ఎవరికీ నెట్ లేకపోతే అది లైన్ సంగతి. కనెక్షన్ గడువు అయిపోయిందేమో కూడా ఓసారి గుర్తు చేసుకోండి.

వస్తూ పోతూ ఉంటే

సిగ్నల్ గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా గీస్తుంది. వైఫై అనలైజర్ రకం యాప్ ఒకటి వేస్తే సిగ్నల్ నంబరు కనబడుతుంది, డీబీఎంలో, మైనస్ గుర్తుతో. మైనస్ 50 దగ్గర ఉంటే భేష్, మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, మైనస్ 75 దాటితే సతాయిస్తుంది, 80 దాటితే కలిసినా కలవనట్టే. ఫోన్ చేతిలో పట్టుకుని గది గదికీ తిరిగి చూడండి, ఏ గుమ్మం దగ్గర నంబరు ఢమాల్న పడిపోతోందో తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో ముద్దాయి టీవీ. రౌటర్ దాని వెనక దాక్కుని ఉంటుంది, కనబడకుండా నీట్‌గా ఉంటుందని. అద్దాలు, ఇనుప బీరువా, చేపల తొట్టి, కాంక్రీటు స్లాబు ఇవన్నీ సిగ్నల్‌ని మింగేవే. రౌటర్‌ని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా ఉన్నచోట పెట్టండి. దీన్ని మించిన చిట్కా నాకు తెలియదు.

మైక్రోవేవ్ ఆన్ చేసినప్పుడే నెట్ పోతోందంటే అది మీ భ్రమ కాదు, ఆ పెట్టె కూడా దాదాపు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. ఆ ఫోన్‌ని 5కి మార్చండి.

ఒకే పేరు మీద రెండు బ్యాండ్లూ ఉన్నప్పుడు కొన్ని ఫోన్లు ఆ రెంటి మధ్య ఊగిసలాడుతూ మధ్యమధ్యలో తెగిపోతుంటాయి. రెంటికీ వేరే పేర్లు పెట్టి ఒకదానికే కలిపి ఒక రోజు చూడండి. వైఫై బలహీనపడగానే మొబైల్ డేటాకి దూకే సెట్టింగ్ కూడా ఉంటుంది, ఐఫోన్‌లో వైఫై అసిస్ట్ అంటారు, ఆండ్రాయిడ్‌లో కంపెనీకో పేరు. పరీక్ష చేసినన్నాళ్లూ ఆపేయండి.

ఇవేవీ కాకపోతే

ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ చేయండి. ఫొటోలు, మెసేజ్‌లు పోవు. సేవ్ చేసిన అన్ని వైఫై పాస్‌వర్డ్‌లూ, చాలా ఫోన్లలో బ్లూటూత్ జతలూ పోతాయి, ఐఫోన్‌లో అయితే వీపీఎన్ సెట్టింగ్స్ కూడా. ఐఫోన్‌లో జనరల్ కింద దిగువన ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్ అని ఉంటుంది, అందులో రీసెట్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ పైనున్న వెతుకులాట గడిలో రీసెట్ అని కొట్టడమే తేలిక, ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్ అని ఉన్నదాన్ని పొరపాటున నొక్కకండి.

వైఫై స్విచ్ బూడిద రంగులో ఉండి కదలనే కదలకపోతే, లేదా హాట్‌స్పాట్‌కి కూడా కలవకపోతే, అదీ కింద పడ్డాకో నీళ్లలో తడిశాకో మొదలైతే, లోపల చిప్ పోయి ఉండొచ్చు. అది రిపేర్ వాళ్ల పని.

రౌటర్ రీసెట్ ఆఖరిది. దానికి ముందు రౌటర్ పేజీలో ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేసి చూడండి, ఆ తర్వాత బ్యాకప్ ఆప్షన్ ఉంటే ఫైలు దించుకోండి. వ్యాన్ (WAN) లేదా ఇంటర్నెట్ అని ఉన్న పేజీ తెరిచి అందులోని కనెక్షన్ రకం, యూజర్‌నేమ్, వీల్యాన్ నంబరు అన్నీ ఫొటో తీసుకోండి. పాస్‌వర్డ్ చుక్కలుగా ఉంటుంది కాబట్టి అది మాత్రం కనెక్షన్ ఇచ్చినవాళ్లని ముందే అడిగి పెట్టుకోండి. ఆపైన ఇదంతా ఒక కాగితం మీద రాసి రౌటర్ కిందే పెట్టండి, ఫొటో క్లౌడ్‌లోకి వెళ్లిపోయి ఉంటే దాన్ని దించుకోవడానికి మళ్లీ నెట్ కావాలి.